పెద్దమ్మ కూర్చున్న వైపు

కిందటి నెల నంద్యాలలో ఒక మెకానిక్కు షెడ్డులో నేను మా పాత వ్యాను మీద కూర్చున్నాను. వ్యాను అంటే మొత్తం వ్యాను కాదు, దాని ముందు సీటు ఒక్కటే. మిగతాదంతా ఎప్పుడో పాత ఇనుము కింద పోయింది. ఈ సీటుకు మాత్రం నాలుగు ఇనుపకాళ్లు అతికించి, బండి బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్లు కూర్చోవడానికి గోడవారగా వేశారు. పైన రెగ్జిను మార్చారు, రంగు కూడా మార్చారు. నేను గుర్తుపట్టింది కంటితో కాదు. కూర్చుని ఎడమ చివరకు జరగగానే కింద చెక్క వంగి కిర్రుమంది. ఆ కిర్రు నాకు తెలుసు. మనుషుల గొంతులు మరిచిపోతాను, పోయినవారం కలిసినవాళ్ల పేర్లు మరిచిపోతాను, ఇలాంటివి మాత్రం ఎందుకో చక్కగా దాచుకుంటాను.

ఎవరిదో పెళ్లికని వెళ్లాను. అద్దెకు తీసుకున్న కారులో స్టీరింగు వెనక ఏదో పచ్చదీపం వెలిగి ఆరనంటే డ్రైవరు ఆ షెడ్డుకు తెచ్చాడు. అది దస్తగిరి మేస్త్రీ షెడ్డు. దస్తగిరి పోయి చాలా ఏళ్లయింది, కొడుకు మాబు నడుపుతున్నాడు. మాబు స్టీరింగు కింద ఒక వైరు గుచ్చి, చేతిలో ఉన్న చిన్న పెట్టె చూసి, కారుకేం రోగమో రెండు నిమిషాల్లో చెప్పేశాడు. బానెట్టు కూడా ఎత్తలేదు. బండే తన జబ్బు తాను చెప్పుకుంటోంది. మా వ్యాను జబ్బు కనుక్కోవడానికి మాకు దగ్గర దగ్గర ఏడాది పట్టింది. అంత ఆలస్యం కావడానికి కారణం తెలివితక్కువ అయితే బాగుండేది. తెలివితక్కువ మా ఇంట్లో ఎప్పుడూ ఉన్నదే, దానికి ఎవరమూ బాధపడేవాళ్లం కాదు.

మా నాయన మిషను ఆసుపత్రి వ్యాను డ్రైవరు. పెద్దమ్మ, అంటే మా అమ్మకు అక్క, అదే ఆసుపత్రిలో నర్సు. పెళ్లయిన మూడో ఏడే భర్త పోతే మా ఇంటికి వచ్చింది. వచ్చింది అని అలవాటుగా అంటున్నాను కానీ, క్వార్టరు ఇచ్చింది ఆమె పేరు మీద, నిజానికి వచ్చినవాళ్లం మేము. రెండు గదులు, వంటిల్లు, వెనక వేపచెట్టు, చెట్టుకింద నాయన రోజూ వ్యాను కడిగే రాయి. పొద్దున ఆ ఇంట్లో ఒకే స్టవ్వు మీద రెండు పనులు జరిగేవి. ముందు పెద్దమ్మ సూదులు ఉడికేవి, తర్వాత మా అన్నం. ఉడికిన ఇనుము, స్పిరిటు, కిరసనాయిలు, వాటి వెనకే బొరుగుల ఉగ్గానికి అమ్మ వేసిన తిరగమోత. ఈ నాలుగు వాసనలు కలిస్తే నాకు ఇప్పటికీ పొద్దున ఆరున్నర. ఉగ్గానిలో ఎప్పుడైనా స్పిరిటు వాసన వస్తే, జబ్బు రాకుండా ఉంటుందిలే తిను అనేది అమ్మ.

పెద్దమ్మ భారీ మనిషి. ఎత్తు, ఎత్తుకు తగ్గ బరువు, బరువుకు తగ్గ నిదానం. ఆమె ఇంట్లోకి వస్తే మేమంతా ఎవరూ చెప్పకుండానే గొంతు తగ్గించేవాళ్లం. ఆమె ఎవరినీ కోప్పడేది కాదు, ఆ అవసరమే రాలేదు. రోగుల బంధువులు వచ్చి నిన్నంతా నొప్పి, ఈ పొద్దు లేదు, ఏమి జబ్బంటావ్ అని అడిగితే ఒకే జవాబు: "నొప్పి లేనప్పుడు తెచ్చి చూపిస్తే నేనేం చూసేది? నొప్పి వచ్చినప్పుడు తీసుకరా పో." ఈ మాట నేను కొన్ని వందలసార్లు విని ఉంటాను. వినడం వేరు, బుర్రకెక్కడం వేరు.

ప్రతి గురువారం వ్యాను ఆళ్లగడ్డ పోయేది. అక్కడ రోడ్డు పక్కన ఒక వసారా అద్దెకు తీసుకుని, గర్భిణీలనూ పసిపిల్లల తల్లులనూ చూసేది పెద్దమ్మ. వారంలో మిగతా ఆరు రోజులూ ఆసుపత్రిలో డాక్టర్లు చెప్పింది చేసేది, గురువారం ఒక్కరోజు ఆమె చెప్పిందే వైద్యం. బుధవారం సాయంత్రమే తెల్లచీర ఇస్త్రీ చేసి కుర్చీ వీపు మీద వేసేది. ఆమెకు పండగలు వేరే లేవు. నేను అప్పటికి డిగ్రీ గట్టెక్కి, బీఎడ్ సీటు కోసం ఎదురుచూస్తూ ఇంట్లో కూర్చుని తింటున్నాను. ఊరికే తినడం ఎందుకని నాయన నన్ను కూడా వ్యానులో వేసుకునిపోయేవాడు. తల్లుల పేర్లు, ఎన్నో నెల, ఎంత బరువు, చీటీల మీద రాయడం నా పని. మిగతా సమయంలో జోకులు వేసేవాణ్ణి. అది ఎవరూ అప్పగించిన పని కాదు.

వసారా పక్కనే శిల్పుల షెడ్లు. పొద్దున్నుంచీ ఉలి చప్పుడు. ముఖం ఇంకా రాని అమ్మవార్లు, తోక మాత్రమే వచ్చిన సింహాలు వరసగా ఎండలో ఉండేవి. రాతిపొడికి కనురెప్పలు తెల్లబడిన మనుషులు వాటి మధ్య కూర్చుని టీ తాగేవాళ్లు. వాళ్లలో పెద్దాయన బ్రహ్మయ్య ఆచారి. మా వ్యాను కథలో ఈయన ఎందుకు వచ్చాడంటే, సాయంత్రం బండి స్టార్టు కాకపోతే నూకడానికి అక్కడ ఉన్న మగవాళ్లు వాళ్లే.

బండి రోగం ఇది. పొద్దున ఇంటి దగ్గర ఎప్పుడూ పేచీ పెట్టేది కాదు. నాయన వేపచెట్టు కింద ప్రార్థన చేసుకుని సెల్ఫు కొడితే ఒక్క దెబ్బకు అందుకునేది. నడుస్తున్న బండిని గుమ్మం ముందుకు తెస్తే పెద్దమ్మ ఎక్కేది. దారిలో ఎక్కడన్నా ఆపినా, ఆళ్లగడ్డ నుంచి తిరిగి బయల్దేరినా మాత్రం చెప్పలేం. ఒక గురువారం స్టార్టయ్యేది, ఇంకో గురువారం తాళం తిప్పితే కిక్కురుమనేది కాదు. దగ్గడం, మూలగడం లాంటివి కూడా లేవు, మౌనం. నాయన ఇంకోసారి ప్రార్థన చేసేవాడు. మొదటి ప్రార్థన కంటే రెండోది పొడుగు. దాంతోనూ కాకపోతే ఆచారి, ఆయన మనుషులు వచ్చి నూకేవాళ్లు. డీజిలు బండి కాబట్టి నూకి గేరు వేస్తే బ్యాటరీతో పనిలేకుండా అందుకునేది. గుడికి పంపే విగ్రహాన్ని బండి మీదికి నూకేటప్పుడు కూడా మేమింత కష్టపడం అనేవాడు ఆచారి. దేవుడైతే ఎదురు నూకడు కదా అనేవాణ్ణి నేను.

ఇలా నూకే ప్రతిసారీ పెద్దమ్మ తలుపు మీద చెయ్యి వేసి, నేను దిగుతాలేప్పా, బరువు తగ్గుతాది అనేది. ప్రతిసారీ నాయన, ఆచారి, నేను, ముగ్గురమూ ఒకే గొంతుతో వద్దు వద్దు అనేవాళ్లం. మా అందరికంటే పెద్దది, నర్సమ్మ, పొద్దున్నుంచీ నిలబడి నలభైమందిని చూసిన మనిషి. ఆమెను ఎండలో దింపి బండి నూకించుకుంటే మా ముఖాన ఉమ్మేయరా? కాబట్టి ఆమె రాణిలాగా ముందు సీట్లో కూర్చుని ఉండేది, ఐదుగురు మగవాళ్లం చెమటలు కక్కుతూ ఆమెతో సహా బండిని నూకేవాళ్లం. దీన్ని గౌరవం అనుకున్నాం. గౌరవమే. అది కాదని ఇప్పుడు కూడా అనను.

నంద్యాలకు రాగానే నాయన వ్యానును దస్తగిరి దగ్గరికి తీసుకుపోయేవాడు. దస్తగిరి తాళం తిప్పితే ఒక్క దెబ్బకు స్టార్టయ్యేది. పదిసార్లు తిప్పితే పదిసార్లూ అయ్యేది. బండి బాగానే ఉండాది కదన్నా, నీకే ఏదన్నా చూపిద్దామా అని దస్తగిరి నవ్వేవాడు. అయినా నాయన మాట కాదనలేక ఒక్కొక్కటీ చూశాడు. బ్యాటరీ మార్చాడు. సెల్ఫు మోటారు విప్పి, తుడిచి, మళ్లీ బిగించాడు. తాళం మార్చాడు. ఎండకు ఇంజను కాగి అట్ల చేస్తోందని కొన్నాళ్లు అన్నాడు. చలికాలంలో కూడా అట్లాగే చేసేసరికి ఆళ్లగడ్డ రాతిపొడి లోపలికి పోతోందన్నాడు. బండి చుట్టూ తడిగుడ్డ కట్టి కూడా చూశాం. గుడ్డ తెల్లబడింది, అంతకంటే ఏమీ కాలేదు.

ఇక నా జోకు సంగతి. ఒక సాయంత్రం అందరమూ బండి వెనక చేతులు ఆనించి నిలబడి ఉన్నాం. ఎందుకప్పా మీ బండి ఇట్ల నోరు మూసుకుంటాది అని ఆచారి అడిగాడు. నేను ఆలోచించను కూడా లేదు, నోటికి వచ్చింది. "మా పెద్దమ్మ కూచుంటే ఇంట్లో మేమే నోరు తెరవం మామా. బండి తెరుస్తాదా?" అందరూ నవ్వారు. ముందు సీట్లోంచి పెద్దమ్మ నవ్వు కూడా వినిపించింది. ఆమె నవ్వితే కింద సీటు కిర్రుకిర్రుమనేది. మంచి జోకు అనుకున్నాను. నిజానికి అప్పటిదాకా ఆ బండి గురించి ఎవరైనా చెప్పినవాటిలో అన్నిటికంటే సరైన మాట అదే. అదే దాని దరిద్రం.

జోకు ఆళ్లగడ్డ నుంచి బయల్దేరి ఎన్ని ఇళ్లు తిరిగిందో తెలియదు. తిరిగి మా దగ్గరికి వచ్చేసరికి అందులో నవ్వు లేదు. నర్సమ్మ ముందర కూచుంటే బండి కదలదంట అనే దాకా బాగానే ఉంది. ఆ తర్వాత ముండమోసిన మనిషి అనే మాట చేరింది, బొట్టు లేని ముఖం అని చేరింది. మా ఇంట్లో ఎవరికీ బొట్టు లేదు. మా అమ్మకు లేదు, చర్చిలో అయ్యగారి భార్యకూ లేదు. ఆ లెక్కన నంద్యాలలో మా పేట మొత్తం ఎక్కడికీ కదలకూడదు. ఈ మాట నేను చెప్పి నవ్వించబోయాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. మా చర్చిలో శకునాలు ఎవరూ నమ్మరు. నమ్మరు కాబట్టి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ఆ సంగతిని శకునం అనకుండా ప్రార్థన విన్నపాల్లో పెట్టారు.

ఒక గురువారం వసారాలో వరస నడుస్తోంది. నెలలు నిండిన ఒక కోడలిని వెంటబెట్టుకుని ఒక ముసలామె నా బల్ల దగ్గరికి వచ్చింది. చీటీ రాయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఈ పొద్దు వేరే నర్సు రాలేదా అప్పా?"

"లేదు. ఏమి?"

"ఏమీ లేదులే. నిండు మనిషి గదా. ఎక్కిన బండే కదలదంటే, ఆయమ్మ చెయ్యి పడితే బిడ్డ యాడ కదుల్తాది అని."

అరిచి చెప్పలేదు, గుసగుసగానూ చెప్పలేదు. కూరగాయల బేరం చేసినట్టు చెప్పి, కోడలి మోచెయ్యి పట్టుకుని ఎండలోకి వెళ్లిపోయింది. పెద్దమ్మ మూడడుగుల దూరంలో ఒక పసిబిడ్డను తక్కెడలో పడుకోబెడుతోంది. ముల్లు నిలిచేదాకా ఆగి, బరువు ఎంతో నాకు చెప్పింది. నేను రాసుకున్నాను. ఆ సాయంత్రం బండి స్టార్టయింది.

తర్వాతి బుధవారం కుర్చీ వీపు మీద తెల్లచీర లేదు. నడుము నొప్పి అంది. ఆసుపత్రివాళ్లు ఆళ్లగడ్డకు ఒక చిన్న నర్సును పంపారు. బక్కపిల్ల, ముందు సీట్లో కూర్చుంటే ఇంకో ఇద్దరికి చోటు మిగిలేది. నాలుగు గురువారాలు పోయాం. నాలుగుసార్లూ బండి ఒక్క దెబ్బకు స్టార్టయింది. ఏడాదిగా ఆ చప్పుడు కోసం ప్రార్థన చేసిన నాయన, అది వినపడిన ప్రతిసారీ తల దించుకున్నాడు. ఇంట్లో పెద్దమ్మ గురువారం పొద్దున ఎప్పటిలాగే సూదులు ఉడికించి, మందులపెట్టె సర్ది, ఆ పిల్ల చేతికిచ్చి, వెనక మెట్టు మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరేది. మా ఇంట్లో అంత శుభ్రమైన అన్నం ముందూ తినలేదు, తర్వాతా తినలేదు.

నాకు దెయ్యాల మీద, శకునాల మీద నమ్మకం లేదు. బరువు మీద ఉంది. పెద్దమ్మ బరువుకు ఏదో అవుతోంది అనుకున్నాను. ఆమెను అడిగే ముఖం లేక, ఒక ఆదివారం చర్చి అయ్యాక నాయనా నేనూ ఒక పెద్ద శెనక్కాయల మూట ముందు సీట్లోకి ఎత్తించాం. సీటు నిండా బాసింపట్టు వేసుకున్నట్టు కూర్చుంది మూట. నాయన తాళం తిప్పాడు. ఒక్క దెబ్బకు స్టార్టయింది. ఆపి మళ్లీ తిప్పాడు, మళ్లీ అయింది. నాయన బండి ఆపి లోపలికి పోయాడు. మూటకు స్టార్టయిందంటే బరువు కాదు. బరువు కాకపోతే ఇంకేమిటో పైకి అనడానికి మా ఇద్దరికీ నోరు రాలేదు. ఆమెను కాపాడదామని చేసిన పరీక్షతో ఉరి ఇంకొంచెం బిగించాను. మూటను నేనొక్కణ్ణే దించుకోవాల్సి వచ్చింది కూడా.

మూట దించి, వీపు పట్టుకుని కూర్చున్నప్పుడు ఆమె మాట బుర్రకెక్కింది. నొప్పి వచ్చినప్పుడు తీసుకరా. ఏడాదిగా మేము బండిని నొప్పి లేనప్పుడే దస్తగిరికి చూపిస్తున్నాం. నొప్పి ఎవరు కూర్చున్నప్పుడు వస్తుందో ఊరంతా చెప్పుకుంటోంది. ఆ మనిషిని షెడ్డుకు తీసుకుపోవాలని మాత్రం ఎవరికీ తోచలేదు. పెద్దవాళ్లను మెకానిక్కు షెడ్డుకు ఎవరు తీసుకుపోతారు?

వెనక మెట్టు దగ్గరికి పోయి నిలబడ్డాను. చేట ఒళ్లో పెట్టుకుని ఉంది.

"పెద్దమ్మా, ఒకసారి దస్తగిరి షెడ్డు దాకా రావాల."

"ఏటికి?"

"బండికి నొప్పి రావాలంటే నువ్వు ఉండాల."

ఒక రాయి ఏరి పారేసింది. "బాగుందిరా. ఇది కూడా పోయి ఆళ్లగడ్డలో చెప్పు. నవ్వుతారు."

నా దగ్గర ఎప్పుడూ రెండు మూడు జవాబులు సిద్ధంగా ఉండేవి. ఆ రోజు వాటిని వదిలేశాను. "మొదట అన్నింది నేనే" అన్నాను.

"నాకు తెల్దా? నేను ఆడనే కూచోనుంటిని కదరా. నాగ్గూడా నవ్వొచ్చె." కాసేపు బియ్యం అటూ ఇటూ కదిలించింది. "నువ్వు అన్నిందానికి కాదు. ఆ ముసిలామె అన్నెప్పుడు, ఒక్క గడియ, నాగ్గూడా నిజమేమో అనిపిచ్చె. ఇంతమంది బిడ్డల్ని పట్టిన చేతులు ఇవి. అట్లెట్ల అనిపిస్తాది చెప్పు నాకు?"

ఇంకో రాయి ఏరింది. ఆమే మళ్లీ అంది. "నేను కూచున్నా స్టార్టయితే?"

"మంచిదే కదా."

"ఏమి మంచిది? అప్పుడు ఇంగ ఎప్పటికీ తెల్దు." చేట పక్కన పెట్టింది. "కాకపోతే?"

"దస్తగిరి విప్పుతాడు."

"నన్నా, బండినా?" అని లేచింది. మా ఇంట్లో ఈ జోకుల జబ్బు నా ఒక్కడిదే అని అందరూ అనేవాళ్లు గానీ, ఎక్కడి నుంచి అంటుకుందో నాకు ఆ రోజు తెలిసింది.

దస్తగిరి ఆమెను చూసి చేతులు తుడుచుకుని సలాం చేశాడు. అతని పిల్లలిద్దరూ ఆమె చేతుల మీదే పుట్టారు. సీటు మీద ఉతికిన తువ్వాలు పరిచి, గురువారం ఎట్లా కూచుంటారో అట్లా కూచోండి అన్నాడు. పెద్దమ్మ ఎక్కి కూర్చుంది. నాయన కళ్లు మూసుకుని పెదాలు కదిపి, తాళం తిప్పాడు. స్టార్టయింది. బండి స్టార్టయినందుకు నలుగురు మనుషులు ముఖాలు వేలాడేసుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. నాయన గబుక్కున ఆపేశాడు, ఏదో తప్పు చేసినట్టు. పెద్దమ్మ తన పక్కన ఖాళీగా ఉన్న సీటు వైపు చూస్తోంది.

"పెట్టె యాడ?" అంది.

మందులపెట్టె. పోయేటప్పుడూ, తిరుగుప్రయాణంలో సీసాలు మిగిలి ఉన్నప్పుడూ, అవి కుదుపులకు పగలకుండా పెట్టెను తన పక్కన సీటు మీదే పెట్టుకుని, దానికి చోటిచ్చి, తాను తలుపు వైపు చివరకు జరిగి కూర్చునేది. మందులు అయిపోయిన రోజు ఖాళీపెట్టెను వెనక పడేసి సీటు మధ్యలో కూర్చునేది. పెట్టె లేకుండా నేను అట్ల కూచోనప్పా అంది దస్తగిరితో. నాయన సైకిలు తొక్కుకుంటూ పోయి పెట్టె తెచ్చాడు. ఆమె దాన్ని పక్కన పెట్టి, రెండుసార్లు సర్ది, చివరకు జరిగింది. సీటు కిర్రుమంది. నాయన తాళం తిప్పాడు.

మౌనం. మాకు ఏడాదిగా పరిచయమున్న అదే మౌనం.

దస్తగిరి కిటికీ దగ్గరికి వచ్చి, హారన్ కొట్టన్నా అన్నాడు. నాయన నొక్కాడు. అదీ మోగలేదు. హారన్ మీద వేలు తీయొద్దని చెప్పి, "నర్సమ్మా, జర లేయండి" అన్నాడు. పెద్దమ్మ పైన కమ్మీ పట్టుకుని సీటు మీంచి జానెడు లేచింది. హారన్ షెడ్డు అదిరేలా మోగింది. కూర్చుంది, ఆగిపోయింది. లేచింది, మోగింది. మూడోసారికి రోడ్డు మీద పోయేవాళ్లు నిలబడి చూస్తున్నారు. పెద్దమ్మ కూచుంటే బండి నోరు తెరవదన్న నా జోకు అక్షరాలా, అందరి ముందూ, చప్పుడుతో సహా రుజువైంది. జోకు నిజమైతే ఎలా ఉంటుందో ఆ రోజు చూశాను. ఏమీ బాగుండదు.

కింద చూడాల, దిగండమ్మా అన్నాడు దస్తగిరి. నాయన అలవాటుగా అనేశాడు. "వొద్దొద్దు. వదినా, నువ్వు కూచో."

"దిగనియ్యి అన్నా ఆమెను" అన్నాడు దస్తగిరి.

పెద్దమ్మ దిగింది. దస్తగిరి సీటు ఎత్తాడు. బ్యాటరీ ఆ సీటు కిందే, తలుపు వైపు ఉంటుంది. ఇంతకుముందు కూడా చాలాసార్లు ఎత్తి చూశాడు, క్లిప్పులు బిగించి ఉన్నాయని మూసేశాడు. ఈసారి బ్యాటరీ వదిలేసి సీటును తిరగేశాడు. అడుగున ఒక చెక్క ఉంది. సీటు కంటే జానెడు పొడుగు, చివర గాలిలో వేలాడుతోంది. తలుపు వైపు చివర బరువు పడితే ఆ చెక్క వంగి బ్యాటరీ వైరును నొక్కుతుంది, నొక్కితే క్లిప్పు వెంట్రుకవాసి పైకి లేస్తుంది. బరువు తీస్తే సర్దుకుంటుంది. బక్కవాళ్లు కూర్చుంటే వంగదు, మధ్యలో కూర్చుంటే వంగదు, మూట సీటంతా పరుచుకుంది కాబట్టి వంగలేదు. వైరు మీద చెక్క కొరికిన గాడి వేలితో తడిమితే తెలుస్తోంది.

"ఈ చెక్క ఎవడు పెట్టినాడు?" అన్నాడు దస్తగిరి.

నాయన తనవైపే వేలు చూపించుకున్నాడు. కిందటేడు పెద్దమ్మ నడుము నొప్పి అంటే, సీటు మెత్తగా దిగబడుతోందని, వడ్రంగి దగ్గర మంచి టేకుచెక్క చూసి తనే చేయించి పెట్టించాడు. పొడుగు ఉన్నా కోయనీయలేదు. వదినకు ఇరుకు కాకూడదని.

మా ఏడాది రోగం అదీ. ఆమె సుఖం కోసం పెట్టిన చెక్క, ఆమె మర్యాద కోసం ఆమెను దిగనియ్యని మేము. మొదటి గురువారమే, నేను దిగుతాలేప్పా అన్నప్పుడు సరే దిగమని ఉంటే, ఆమె దిగిన క్షణమే బండి స్టార్టయ్యేది. రెండోసారికో మూడోసారికో నా అంత తెలివైనవాడికి కూడా సంగతి తెలిసేది. దస్తగిరి రంపంతో జానెడు ముక్క కోసి పారేసి, వైరు చుట్టూ సైకిలు ట్యూబు ముక్క కట్టాడు. టీ చల్లారేలోపు అయిపోయింది.

ఆ గురువారం పెద్దమ్మ ఆళ్లగడ్డకు వచ్చింది. తెల్లచీర బుధవారమే కుర్చీ మీదికి ఎక్కింది. నేను కనపడినవాళ్లందరికీ చెక్క సంగతి చెప్పాను. బ్రహ్మయ్య ఆచారి మాత్రం శ్రద్ధగా విని, చెక్క కదప్పా, వంగుతాది, రాతిపలక వేసుకోనుంటే ఈ బాధ లేకపోను అన్నాడు. మిగతావాళ్లు ఊ కొట్టారు. జోకు కాళ్లొచ్చి ఊరూరా తిరిగింది గానీ, బ్యాటరీ వైరు, క్లిప్పు, టేకుచెక్క, ఇవన్నీ మోసుకుని ఏ కథ తిరుగుతుంది? అది వసారా దాటి పోలేదు. ఆ ముసలామె కోడలు ఎక్కడో సుఖంగానే కనిందని తర్వాత తెలిసింది. మా చీటీల్లో వరస కొన్నాళ్లు పలచగా ఉండి, మెల్లగా మళ్లీ నిండింది. మంచి నర్సు కాబట్టి. జనం మరిచిపోయారు కాబట్టి కూడా.

సాయంత్రం బయల్దేరేటప్పుడు నాయన తలుపు తీసి పట్టుకున్నాడు. పెద్దమ్మ ఎక్కలేదు. మందులపెట్టె రెండు చేతులతో పట్టుకుని బండి పక్కన నిలబడింది.

"ఎక్కు వదినా. ఇంగ ఏమీ కాదు."

"కొట్టప్పా ముందు" అంది.

నాయన సెల్ఫు కొట్టాడు. స్టార్టయింది. అప్పుడు ఎక్కింది. ఆ పై గురువారమూ అంతే, ఆపైనా అంతే. ఆమె రిటైరయ్యేదాకా బండి ఒక్కసారి కూడా మొరాయించలేదు, ఆమె ఒక్కసారి కూడా స్టార్టు కాని బండి ఎక్కలేదు. కోపం కాదు, అడిగితే అలవాటు అనేది. ఎండైనా వానైనా, పెట్టె పట్టుకుని, కొంచెం దూరంగా, తన నీడ కూడా బండి మీద పడనంత దూరంలో నిలబడేది. ఇప్పుడు పెద్దవాళ్లను లేచి పక్కకు జరగమనడానికి ఎవరికీ మొహమాటం లేదు. నన్ను రోజుకు నాలుగుసార్లు జరగమంటారు. బండ్లకు మంచిదే. పెద్దమ్మకు కూడా మంచిదై ఉండేదేమో. మా గౌరవం చేసినంత చెరుపు ఏ మర్యాద లేనివాడూ ఆమెకు చేయలేదు.

"మధ్యలోకి జరుగు అన్నా" అన్నాడు మాబు, చేతులు తుడుచుకుంటూ. "ఆ చివర వంగుతాది."

వంగి కింద చూశాను. టేకుచెక్క నల్లబడింది. ఒక చివర వాళ్ల నాయన రంపం గాట్లు ఇంకా గరుకుగానే ఉన్నాయి. జరగలేదు, లేచాను. డ్రైవరు కారులో కూర్చుని, అయిపోయింది, ఎక్కండి సార్ అన్నాడు. నేను సంచీ రెండు చేతులతో పట్టుకుని పక్కన నిలబడ్డాను. నా ఈ అలవాటు మా ఇంట్లోవాళ్లకు చాదస్తం. నేనూ వాళ్లకు కారణం చెప్పలేదు, చెబితే జోకు అనుకుంటారు.

"కొట్టప్పా ముందు" అన్నాను.

అర్థం కాక నా వైపు చూసి, మీట నొక్కాడు. కారు అందుకుంది. అప్పుడు ఎక్కాను.